ఎక్స్‌టెన్షన్ అడిగే ముందు మీ గడువు ఏదో తేల్చుకోండి

నమస్కారం. మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబు మొత్తం అందులోని రెండు మూడు వివరాల మీదే ఆధారపడి ఉన్నది. మీరు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు. 2024-25 ఆర్థిక సంవత్సరంలో మీకు 16 లక్షల కమీషన్ వచ్చింది, ఖర్చులు 5 లక్షలు. అది కాక 2024 ఏప్రిల్, మే నెలల్లో రైతుల దగ్గర తేజ రకం కాయ కొని ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో పెట్టి, ధర పెరుగుతుందని ఆగి, చివరికి 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో 1.30 కోట్లకు అమ్ముకున్నారు. అందులో 22 లక్షలు పోయాయి. గోదాము అద్దె ఏడాదికి 2.40 లక్షలు వస్తుంది. మీ పాత ఆడిటర్ గారు ఆగస్టు నుంచి ఫోను ఎత్తడం లేదు. 2025 సెప్టెంబరు 16తో ఆదాయపు పన్ను రిటర్ను గడువు దాటిపోయిందని మీరు అనుకుంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మీ బాబాయి గారి అబ్బాయి ప్రతి ఏడూ అకౌంటెంటు చేత గడువు పెంచమనే ఎక్స్‌టెన్షన్ పెట్టించుకుంటాడు కనుక మనకూ అటువంటిది ఉంటుందా, రెండు వేలు ఇస్తే పెట్టిస్తానంటున్న ఒకాయనను నమ్మవచ్చునా, 22 లక్షల నష్టం లెక్కలో మిగులుతుందా అన్నవి మీ సందేహాలు.

విజయవాడలో ఇరవై ఎనిమిదేళ్లుగా చార్టర్డ్ అకౌంటెంటుగా పని చేస్తున్నాను, అందులో మిర్చి, పత్తి, అపరాల వ్యాపారుల లెక్కలే ఎక్కువ. నా ఉద్దేశంలో, ఇది రాస్తున్న 2025 నవంబరు 1 నాటికి మీ గడువు ఇంకా దాటలేదు. కానీ ఆ మాట మీ కాగితాలు చూసిన సీఏ గారు చెప్పాలి. ఎందుకు అలా అంటున్నానో వివరిస్తాను.

మొదట ఆ రెండు వేల సంగతి తేల్చేస్తాను: ఇవ్వకండి. మన దేశంలో ఒక వ్యక్తి తన రిటర్నుకు గడువు పెంచమని కోరుతూ పెట్టుకునే దరఖాస్తు అంటూ ఇప్పుడు ఏదీ లేదు. ఒకప్పుడు ఉండేది. 6వ నంబరు ఫారంలో కారణం రాసి ఆదాయపు పన్ను అధికారికి ఇస్తే ఆయన గడువు పెంచేవారు, పాతతరం వ్యాపారులు దానినే టైం పిటిషను అనేవారు. 1989 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు గడువు పెంచితే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక తరగతి పన్ను చెల్లింపుదారులందరికీ కలిపి పెంచుతుంది, పెంచకపోతే ఎవరికీ లేదు. అమెరికాలో విధానం వేరు. అక్కడ 4868 నంబరు ఫారం సకాలంలో దాఖలు చేస్తే ఏప్రిల్ 15 గడువు కారణం చెప్పనవసరం లేకుండానే అక్టోబరు 15 వరకు పెరుగుతుంది. అయితే అది రిటర్ను దాఖలుకు మాత్రమే గడువు, పన్ను కట్టడానికి కాదు. రావలసిన పన్నును అంచనా వేసి ఏప్రిల్‌లోనే కట్టకపోతే వడ్డీ, జరిమానా నడుస్తూనే ఉంటాయి. మీ తమ్ముడి అకౌంటెంటు చేస్తున్న అసలు పని ఆ అంచనా వేయడమే. ఆ ఫారానికి ఇక్కడ జోడీ ఏదీ లేదు కనుక ఆ దారిని మరిచిపోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2024-25 సంవత్సరపు ఆదాయానికి మన చట్టంలో ఒకే గడువు లేదు. ఆడిట్ అవసరం లేని వ్యక్తులకు జూలై 31గా ఉన్న తేదీని బోర్డు మొదట సెప్టెంబరు 15కు, ఆఖరి నిమిషంలో మరొక్క రోజు పెంచి 16కు మార్చింది. అందరి నోటా నలిగిన తేదీ అదే, మీరు విన్నదీ అదే. ఖాతాలకు 44ఏబి సెక్షను కింద ఆడిట్ తప్పనిసరి అయినవారి గడువు వేరు. వారి ఆడిట్ నివేదికకు సెప్టెంబరు 30గా ఉన్న తేదీ అక్టోబరు 31కి, అక్కడి నుంచి నవంబరు 10కి జరిగింది. వారి రిటర్ను తేదీ అక్టోబరు 31 నుంచి డిసెంబరు 10కి జరిగింది. ఈ చివరి పొడిగింపును బోర్డు మొన్న అక్టోబరు 29న ప్రకటించింది. నేను ఇది రాస్తున్నది నవంబరు 1న. కాబట్టి మీకు ఆడిట్ వర్తిస్తుందా లేదా అన్నదే మీ ప్రశ్నకు కీలకం.

కమీషన్ వ్యాపారి విషయంలో ఈ ప్రశ్న పైకి కనిపించేంత సులువుగా తేలదు. మీరు రైతు తరఫున సరుకు అమ్మి, కొన్నవాడి దగ్గర వచ్చిన ధరను వచ్చినట్టే రైతుకు లెక్క చెప్పి, కమీషన్ మాత్రం ఉంచుకుంటే మిమ్మల్ని కచ్చా అడితిదారు అంటారు. సరుకు ఏ దశలోనూ మీది కాదు కనుక యార్డులో మీ చేతుల మీదుగా కోట్ల సరుకు నడిచినా టర్నోవరు కింద లెక్కకు వచ్చేది కమీషన్ మొత్తమే. 1986 మార్చి 17న బోర్డు ఇచ్చిన 452వ నంబరు సర్క్యులరు ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది, ఇప్పటికీ అదే ఆధారం. అలా కాక సరుకును మీరే కొని, లాభనష్టాలు మీవిగా అమ్ముకుంటే ఆ అమ్మకం మొత్తం మీ టర్నోవరే. మీరు ఈ రెండు పనులూ చేశారు. కమీషన్ 16 లక్షలు, సొంత సరుకు అమ్మకం 1.30 కోట్లు, కలిపి 1.46 కోట్లు.

ఆడిట్ పరిమితి కోటి రూపాయలు. కానీ ఏడాదిలో వచ్చిన సొమ్ములో నగదు 5 శాతానికి మించకుండా, చెల్లింపుల్లో కూడా నగదు 5 శాతానికి మించకుండా ఉంటే ఆ పరిమితి 10 కోట్లకు పెరుగుతుంది. ఆడిట్ అక్కరలేదని మీ గుమాస్తా గారు అని ఉంటే ఆయన ఇక్కడే పొరబడి ఉంటారని నా అనుమానం, ఎందుకంటే మా దగ్గరకు వచ్చేవారిలో సగం మంది ఇదే పొరపాటు చేస్తారు. రైతు పండించిన పంటను కొని ఆయనకు నగదు ఇస్తే, 10 వేలు దాటిన నగదు ఖర్చును ఒప్పుకోని 40ఏ(3) సెక్షను నుంచి మినహాయింపు ఉన్న మాట నిజమే. ఆ మినహాయింపు ఆ సెక్షనుకే పరిమితం. 5 శాతం లెక్క వేసేటప్పుడు రైతులకు ఇచ్చిన నగదంతా నగదు కిందకే వస్తుంది. రైతులకు 40 లక్షలు చేతికి ఇచ్చామని మీరే రాశారు. చెల్లింపుల్లో అది 5 శాతాన్ని ఎప్పుడో దాటిపోయింది. అందువల్ల మీకు కోటి పరిమితే వర్తిస్తుంది, 1.46 కోట్లు దానికి పైన ఉంది, ఆడిట్ తప్పదు. నగదు వాడినందుకు వ్యాపారులు సాధారణంగా చిక్కుల్లో పడతారు. మీ విషయంలో మాత్రం అదే మీ గడువును డిసెంబరు దాకా నిలబెట్టింది!

టర్నోవరు మీద 6 శాతమో 8 శాతమో లాభం చూపి ఆడిట్ లేకుండా బయటపడే 44ఏడి సెక్షను మీకు పనికిరాదు. కమీషన్ ఆదాయానికి, ఏజెన్సీ వ్యాపారానికి ఆ వెసులుబాటు లేదు, పైగా నష్టం వచ్చిన ఏడాది లాభం చూపడం ఎవరికీ మేలు కాదు.

గడువు లోపల ఉండటానికీ దాటడానికీ మీకు డబ్బు రూపంలో తేడా ఎంతో చూడండి. కమీషన్ మీద నికరంగా 11 లక్షలు మిగిలాయి, సొంత సరుకులో 22 లక్షలు పోయాయి, అంటే వ్యాపారంలో మొత్తం మీద 11 లక్షల నష్టం. గోదాము అద్దెలో 30 శాతం తీసేస్తే మిగిలే 1.68 లక్షలకు ఆ నష్టాన్ని ఎదురు పెట్టుకోవచ్చు. ఇంతవరకు జరిగేది ఆ ఏడాది లోపలి సర్దుబాటు కనుక రిటర్ను ఆలస్యమైనా దానికి భంగం లేదు. చివరికి 9.32 లక్షల నష్టం మిగులుతుంది. ఈ మిగిలినదానిని ఎనిమిదేళ్ల వరకు రాబోయే వ్యాపార లాభాలకు ఎదురు పెట్టుకునే హక్కు గడువు లోపల రిటర్ను వేసినవారికే ఉంటుంది. ముందు ముందు 20 శాతం స్లాబులో పడే లాభానికి దానిని సర్దుకుంటే సెస్సు కాక 1.86 లక్షల పన్ను తగ్గుతుంది. గడువు దాటితే ఆ హక్కు పోతుంది. ఆలస్యపు రుసుము అయిదు వేలా వెయ్యా అని అందరూ అడుగుతారు. ఆదాయం 5 లక్షలు మించని వారికి అది వెయ్యి రూపాయలే, మీ వంటి వారికి అది లెక్కలోకి రాదు. అసలు దెబ్బ నష్టం చెల్లకపోవడం దగ్గర తగులుతుంది. ఈ ఏడాది ఆదాయం లేదు కదా, రిటర్నే అక్కరలేదు కదా అని ఎవరైనా అంటే వినకండి. వ్యాపార టర్నోవరు 60 లక్షలు దాటితే ఆదాయం సున్నా అయినా రిటర్ను వేయవలసిందే.

ఆ సీజనులో ధర పడిపోయిన సంగతి యార్డులో ఎవరికీ చెప్పనక్కరలేదు, కేంద్రమే క్వింటాలుకు 11,781 రూపాయల మార్కెట్ జోక్యం ధర ప్రకటించవలసి వచ్చింది. అయినా నష్టం చూపే రిటర్నును శాఖ కాస్త నిదానించి చూస్తుంది కనుక, ఏసీ బాండ్లు (గిడ్డంగి రసీదులు), టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కొన్నప్పటి పట్టీలు, అమ్మిన బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకదానితో ఒకటి పొసగాలి. సరుకు మీదేనని నిలబెట్టేవి కూడా ఆ కాగితాలే. కొనుగోలు మీ పేరున, మీ డబ్బుతో జరిగిందా, ఏసీ బాండు ఎవరి పేరున ఉంది, దాని మీద అప్పు తీసుకుంటే ఎవరు తీసుకున్నారు, ధర పడిపోయినప్పుడు ఆ నష్టాన్ని భరించింది మీరా రైతా అన్నవి సీఏ గారు తప్పక అడుగుతారు. జీఎస్‌టీ రిటర్నుల్లో అమ్మకంగా కనిపించినంత మాత్రాన సరుకు మీదైపోదు. రైతు సరుకుకైనా బిల్లు మీ పేరున ఇస్తే ఆ చట్టం కింద మీ సరఫరాగానే లెక్క. పెద్ద ఎగుమతి వ్యాపారికి అమ్మి ఉంటే 194క్యూ కింద ఆయన పట్టుకున్న పన్ను మీ పన్ను జమల పట్టిక 26ఏఎస్‌లో ఉంటుంది, అమ్మకం విలువను దానితో సరిపోల్చి చూసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాగితాలు చూశాక ఆ సరుకు నిజానికి రైతులదేనని, మీరు ఏసీలో పెట్టించి అమ్మిపెట్టారని తేలితే ఆడిట్ లేదు, మీ గడువు సెప్టెంబరు 16తోనే ముగిసింది. డిసెంబరు తేదీ దొరుకుతుందని సరుకు స్వభావాన్ని మార్చి రాయమని ఎవరినీ అడగకండి. చట్టప్రకారం అవసరం లేని ఆడిట్ చేయించుకున్నా గడువు పెరగదు.

మీ ప్రాంతంలోనూ మా ప్రాంతంలోనూ రిటర్నులు నింపే ప్రతి ఒక్కరినీ ఆడిటర్ గారూ అనే పిలుస్తారు. పిలవడంలో తప్పు లేదు. కానీ 44ఏబి నివేదిక మీద సంతకం చేయగలిగింది ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉన్న చార్టర్డ్ అకౌంటెంటు ఒక్కరే. మీ పాత ఆడిటర్ గారు సీఏ అవునో కాదో మీరు రాయలేదు. మీ ఖాతాలు రాసిపెట్టేవారే వాటిని ఆడిట్ చేయడం కూడా మా చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ నియమాలకు విరుద్ధం కనుక, గుమాస్తా గారు లెక్కలు పూర్తి చేయాలి, వేరొక సీఏ వాటిని పరీక్షించాలి. కొత్తవారు దొరకడం ఈ వారంలో కష్టమే, దాచడం ఎందుకు. నవంబరు 10కి మిగిలింది తొమ్మిది రోజులు, అందులో రెండు ఆదివారాలు, నడుమ కార్తీక పౌర్ణమి. నేనే అయితే లెక్కలు టాలీలో మార్చి 31 దాకా పూర్తయి ఉంటే ఒప్పుకుంటాను, సంచిలో పోసిన కాగితాలు తెస్తే ఒప్పుకోను. అందుకే ఈ రోజే ఫోను చేయండి. మొదటి మాటలోనే టర్నోవరు, నగదు శాతం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చెప్పండి. నష్టం ఎంత వచ్చిందో తర్వాత చెప్పవచ్చు.

పని ఒప్పుకున్నాక ఆదాయపు పన్ను పోర్టలులో ఆ సీఏ గారిని మీ ఖాతాకు చేర్చి, ఆడిట్ నివేదికకు వాడే 3సీబి, 3సీడి ఫారాలను మీరే ఆయనకు అప్పగించాలి. ఆయన నివేదికను ఎక్కించడంతో పని ముగిసిందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది మీ వర్క్‌లిస్టులోకి వచ్చి, మీరు లాగిన్ అయి ఆమోదించినప్పుడే దాఖలైనట్టు లెక్క. పదో తారీఖు రాత్రి ఆయన ఎక్కించి, మీరు పదకొండున ఆమోదిస్తే ఆలస్యమైనట్టే. నివేదిక ఆలస్యమైతే టర్నోవరులో అర శాతం లేదా లక్షన్నర, ఏది తక్కువైతే అంత జరిమానా వేయవచ్చు, మీ లెక్కన 73 వేలు. సరైన కారణం చూపగలిగితే దానిని తప్పించుకునే అవకాశం 273బి సెక్షనులో ఉంది. పదో తారీఖు తప్పిపోయినా నిరాశపడి రిటర్నును వదిలేయకండి, నష్టాన్ని కాపాడేది డిసెంబరు 10 లోపల వేసే రిటర్ను. అది వ్యాపార ఆదాయం ఉన్నవారు వేసే ఐటీఆర్-3 ఫారం. పాత పన్ను విధానం కావాలనుకుంటే 10-ఐఈఏ ఫారం కూడా ఆ లోపలే ఇవ్వాలి.

ఒకవేళ మీది సెప్టెంబరు గడువేనని తేలితే, డిసెంబరు 31 వరకు 139(4) కింద ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. మిగిలిన నష్టం మాత్రం ముందుకు రాదు. నాలుగేళ్ల వరకు వీలున్న అప్‌డేటెడ్ రిటర్ను మీకు ఉపయోగపడదు, నష్టం చూపడానికి దానిని అనుమతించరు. మిగిలేది 119(2)(బి) సెక్షను కింద ఆలస్యాన్ని మన్నించమని పెట్టే దరఖాస్తు. 2024 అక్టోబరు 1న బోర్డు ఇచ్చిన సర్క్యులరు ప్రకారం రిఫండు లేదా నష్టం కోటి రూపాయల లోపు ఉంటే ప్రిన్సిపల్ కమిషనరు స్థాయిలోనే తేలుతుంది, అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తరువాతి ఆర్థిక సంవత్సరం) ముగిసిన అయిదేళ్ల లోపల పెట్టుకోవాలి. కారణం నిజమైనదై ఉండాలి, దానికి రుజువు ఉండాలి. ఆడిటర్ ఫోను ఎత్తలేదు అన్న మాట ఒక్కటే అయితే బలహీనం. ఆయనకు మీరు కాగితాలు ఎప్పుడు అందజేశారు, ఎన్నిసార్లు సందేశాలు పంపారు అన్నది తేదీలతో చూపితే కొంత బలం వస్తుంది. కాబట్టి ఆ వాట్సాప్ సందేశాలు చెరిపివేయకుండా ఉంచండి.

ఆ దరఖాస్తు ఎలా ఉంటుందో నాకు తెలియడానికి కారణం నా పొరపాటే. మంగళగిరి దగ్గర ఇటుకల బట్టీ నడిపే ఒక పెద్దాయన నష్టపు రిటర్నును 2023 జూలై 30న, అంటే గడువుకు ఒక రోజు ముందు ఎక్కించాము. ముప్పై రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, అంటే ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీ ఆయన కొడుకు ఫోనుకు పోతుంది, ఆ అబ్బాయి ఊళ్లో లేడు, మా ఆఫీసులో ఒకరు చూస్తారని ఇంకొకరు అనుకున్నారు. వెరిఫై చేసేసరికి సెప్టెంబరు 2 వచ్చింది. ముప్పై రోజులు దాటితే వెరిఫై చేసిన రోజే దాఖలు చేసిన రోజు అవుతుంది. సకాలంలో ఎక్కించిన రిటర్ను నాలుగు రోజుల తేడాతో ఆలస్యపు రిటర్నుగా మారిపోయింది. మన్నింపు దరఖాస్తును ఫీజు లేకుండా నేనే పెట్టాను, పదకొండు నెలలకు ఒప్పుకున్నారు. ఆ పదకొండు నెలలూ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా గుర్తున్నది.

మీ ఆధార్‌కు జోడించిన ఫోను నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నదో ఈ సాయంత్రమే చూసుకోండి. రిటర్ను ఎక్కించిన రోజునే, సీఏ గారి ఎదురుగా కూర్చుని వెరిఫై చేసి, రసీదు చేతిలోకి వచ్చాకే అక్కడి నుంచి లేవండి.